రాజమహేంద్రవరమును చూచుట యెట్లు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు ఉత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆదేశించిరి. నేను కళాశాలలో చదివినవాడను కాను. గ్రామములో లెక్కలు వ్రాసికొని జీవించుచు, తీరిక దొరికినపుడు భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లలమీదనే చదువుకొన్నవాడను. తెలియని చోట నిఘంటువును, నిఘంటువు చాలని చోట పెద్దలను ఆశ్రయించితిని. కావున నా మాటలలో పాండిత్యమును వెదకవలదు. మనకు సమీపముననున్న ఒక పట్టణమును గూర్చి, దానిని చూడవలసిన విధమును గూర్చి నాకు తోచినది మనవి చేసికొందును.

మన సీమలో రాజమహేంద్రవరమునకు పోనివారెవ్వరు? వ్యాజ్యమున్నవాడు న్యాయస్థానమునకు పోవును. జబ్బు చేసినవాడు వైద్యునికడకు పోవును. పెండ్లి కుదిరినవారు బట్టలకు పోవుదురు. పండ్రెండేండ్ల కొకసారి పుష్కరములు వచ్చినపుడు ఊరికి ఊరే కదలిపోవును. 2015లో అట్లే పోతిమి, 2027లోను పోవుదుము. తిరిగివచ్చినవారిని “ఏమి చూచితిరి?” అని యడిగినచో గోదావరిని చూచితిమందురు, వంతెనను చూచితిమందురు, అంగళ్లను చూచితిమందురు. వేయి సంవత్సరములకు పైబడిన చరిత్రగల పట్టణములో దినమంతయు తిరిగి, ఆ వేయింటిలో ఒక్క సంవత్సరమునైనను చూడకయే ఇల్లు చేరుదుము. ఇది మన తప్పు కాదు. చూచు విధమును మనకెవ్వరును చెప్పలేదు.

లెక్కలవాడను గనుక లెక్కల భాషలోనే చెప్పుదును. చిట్టాలోనికి మూడు విధములైన పద్దులు వచ్చును. రసీదుతో కూడినది మొదటిది. రసీదు లేకున్నను పదిమంది యెరిగినది, జరిగియుండదగినది రెండవది. ఎవరో చెప్పగా విని వ్రాసికొన్నది మూడవది. ఈ మూడింటిని ఒక్క వరుసలో కూడినచో మొత్తము ఎన్నటికిని సరిపోదు. అట్లని మూడవదానిని చించి పారవేయరాదు. ప్రక్కన గుర్తు పెట్టి యుంచవలెను. పట్టణముల చరిత్రయు నిట్టిదే. శాసనము, నాణెము, ఆనాటి కాగితము రసీదులు. పేటల పేర్లును, వంశపరంపరగా వచ్చిన జ్ఞాపకములును రెండవ తరగతివి. కథలు మూడవ తరగతివి. ఈ విభాగమును మనసున నుంచుకొని బయలుదేరుదము.

ఈసారి రాజమహేంద్రవరమునకు పోవునపుడు రావులపాలెముమీదుగా పెద్ద రహదారిని పోవుటకు మారుగా ఆత్రేయపురముమీదుగా బొబ్బర్లంకకు పోయి చూడుడు. మన పొలములకు నీరిచ్చు మధ్యడెల్టా కాలువ అక్కడనే పుట్టుచున్నది. ఆనకట్టపై దారిని ధవళేశ్వరము చేరినచో సర్ ఆర్థర్ కాటన్ పేర నెలకొల్పిన ప్రదర్శనశాల కలదు. అచట పాత ఆనకట్ట పనిముట్లను, నమూనాలను చూడవచ్చును. చాలమంది పిల్లలకు యంత్రములను చూపి తీసికొనివత్తురు. దానికి ముందు ఒక చిన్న తీసివేత లెక్క చేయింపవలెనని నా మనవి.

నాటి రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో జనసంఖ్య 7,38,308. 1841లో 5,61,041. ఇరువదేండ్లలో తరుగు 1,77,267. జనసంఖ్య పెరుగవలసిన కాలమున ఇంత తరుగు ఎట్లు వచ్చినది? 1832–33లో నందన నామ సంవత్సరపు కరవు వచ్చినది. 1839లో కోరంగి తీరమును ఉప్పెన ముంచినది. గోదావరి వరదగా వచ్చినపుడు ఊళ్లను ముంచి, వానలు లేనపుడు కండ్లయెదుటనే సముద్రములో కలిసిపోవుచుండెను. కొందరు చచ్చిరి, కొందరు ఊళ్లు విడిచిపోయిరి. ఆ తరుగుపద్దులో మన పూర్వికుల ఇండ్లవారెందరో యుందురు. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు.

కాటన్ 1844లో ఆనకట్టకు ప్రతిపాదన పంపెను. 1847లో పని మొదలై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను కలుపుకొనుచు కట్టబడినది. ఆ పనిలో ఆయనకు కుడిభుజమై నిలిచిన మనవాడు వీణం వీరన్నగారు. ఆ పాత కట్టడమునకు బదులుగా 1970లో ఆరంభించిన బ్యారేజి 1982 నాటికి పూర్తియైనది. నేడు మూడు డెల్టాలకు కలిపి సుమారు పది లక్షల యెకరములకు నీరు పారుచున్నది. అందు మధ్యడెల్టా వంతు సుమారు రెండు లక్షలు. వైనతేయమును దాటించి నగరపులంకకు నీరందించుటకై గన్నవరమువద్ద కట్టిన 49 కమానుల అక్విడక్టును మీలో పెద్దవారు చూచియే యుందురు. 2000లో దాని సమీపమున క్రొత్తది కట్టి, అన్నదానమునకు పేరుగన్న డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. పంటకాలువ వచ్చినందున అన్నము, అన్నమున్నందున అన్నదానము. ఆ పేరు అచట పెట్టుట ఎంతయు ఉచితముగా నున్నది. 1841 నాటి తరుగును తెలిసికొన్నవాడు ఆనకట్టను చూచు చూపు వేరు. తెలియనివాడు చూచు చూపు వేరు.

ధవళేశ్వరమునుండి పట్టణము ఎంతో దూరము లేదు. పేరుతోనే ఆరంభింతము. ఆంగ్లేయులు నోరు తిరుగక రాజమండ్రిగా మార్చిన పేరును 2015లో ప్రభుత్వము తిరిగి రాజమహేంద్రవరమని సరిదిద్దినది. ఈ నగరమును రాజరాజ నరేంద్రుడే కట్టించెనని జనులందురు. కాని అంతకు నూరేండ్లకు పూర్వమే, 10వ శతాబ్దమున, తూర్పు చాళుక్యులలో అమ్మరాజునకు రాజమహేంద్రుడను బిరుదు గలదు. అందుచే నగరము రాజరాజునకు ముందే వెలసెనని కొందరు చరిత్రకారుల యభిప్రాయము. రాజరాజు దీనికి కీర్తి తెచ్చెననుటలో మాత్రము ఎవ్వరికిని సందేహము లేదు. విమలాదిత్యునకును, చోళరాజపుత్రి కుందవకును జన్మించిన యా రాజు 1022లో పట్టాభిషిక్తుడయ్యెను. ఆయన కొలువులో నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించి ఆది సభాపర్వములను, అరణ్యపర్వమున కొంత భాగమును రచించెను. గోదావరి యొడ్డున నిలిచి నది నందరు చూతురు. తెలుగు కావ్యమునకు తొలి రేవు ఇదియే యని తలచి చూచువారు కొందరే.

ఇపుడు మీకొక ప్రశ్న వేయుదును. 1022లో పట్టాభిషేకము జరిగెనని మనకెట్లు తెలిసినది? ఆ రసీదు ఎక్కడ దొరికినది? పట్టణములో కాదు. గౌతమీతీరముననున్న కోరుమిల్లి గ్రామపు తామ్రశాసనము ఆ తేదీని చెప్పుచున్నది. ఒక రాజధాని తన రాజునకు కిరీటము పెట్టిన దినమును మరచిపోగా, ఒక పల్లెటూరి రాగిరేకు దానిని జ్ఞాపకముంచుకొన్నది.

రెండవ రసీదు మనకు మరింత దగ్గరిది. భారత రచనలో నన్నయకు తోడ్పడిన నారాయణభట్టునకు రాజరాజు తన 32వ రాజ్యసంవత్సరమున, అనగా 1053లో, నందంపూడి యను గ్రామమును దానము చేసెను. మన అంబాజీపేటకు చేరువనున్న నందంపూడియే అదియని పెద్దలు గుర్తించిరి. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టే. శాసనములో ఆ ప్రాంతమునకు రెండేరులనడిమి విషయమని పేరు. రెండు ఏళ్ల నడుమనున్న సీమ యని యర్థము. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మనకు ఇంతకంటె తగిన పేరేది? దానశాసనములలో దాత వంశమును, గ్రహీత గుణములను, ఊరి సరిహద్దులను వ్రాయుట ఆనాటి మర్యాద. నేడు మన దస్తావేజులోనున్న వరుసయు దాదాపు అదియే. ఆదికవి గూడ ఒక ఊరి దస్తావేజు వ్రాసెనని చదివినపుడు, సరిహద్దులు వ్రాసికొని బ్రదుకు నావంటివాని ఆనందమునకు మేర లేకపోయినది.

ఇక కథకు వత్తము. పట్టణములో సారంగధరుని మెట్ట కలదు. సవతితల్లి చిత్రాంగి నిందకు గురియై, తండ్రి రాజరాజు ఆజ్ఞచే కాలుసేతులు నరకబడిన రాజకుమారుని కథ మీరందరు నాటకములలో చూచి కన్నీరు పెట్టినదే. గౌరన నవనాథ చరిత్రలో చెప్పెను. చేమకూర వేంకటకవి ప్రబంధముగా రచించెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకముగా వ్రాసిరి. కాని రాజరాజు కాలపు శాసనములలో సారంగధరుని పేరు లేదు. శాసనములెరిగిన కుమారుడు వేరొకడు. అతడే రాజేంద్రుడు, 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడని పేరొందినవాడు. రసీదు లేనంతమాత్రమున ఆ మెట్టను చూడవలదని నేననను. చూడుడు, పిల్లలకు కథ చెప్పుడు. తొందరపడి తీర్పు చెప్పు తండ్రి యొక్క దుఃఖమును గూర్చి అంతకంటె మంచి పాఠము లేదు. అయితే ఇది కథయని గూడ చెప్పుడు. తన బిడ్డను చంపించెనను నేరమును, సాక్ష్యము లేకుండ, వేయేండ్ల క్రిందటి రాజుపై మోపుట న్యాయము కాదు. కథలోని రాజు చేసిన పొరపాటునే, కథ విన్న మనము ఆ రాజు విషయమున చేయుదుమా?

నగరమధ్యమున పెద్దవీధియందు ఒక పాత మసీదు గలదు. దాని ద్వారముపై పారశీక లిపిలోనున్న శాసనము హిజరీ 724, అనగా 1324 నాటిది. ఢిల్లీలో తుగ్లకులు ఏలుచున్న దినములవి. ఓరుగల్లు పతనమునకు మరుసటి యేడే ఇచట ఆ రాయి నిలిచినదని గమనించినచో, ఆనాటి రాజకీయపు గాలి ఎంత వేగముగా వీచినదో తెలియును. తరువాత రెడ్డిరాజులు వచ్చిరి. 15వ శతాబ్దపు పూర్వార్ధమున వీరభద్రారెడ్డి కొలువున శ్రీనాథుడుండి కాశీఖండమును ఆయన కంకితమిచ్చెను. భీమేశ్వర పురాణములో మన గోదావరిసీమను, దక్షారామమును వర్ణించెను. ఆ పిమ్మట గజపతులు, గోలకొండ నవాబులు వచ్చిరి. 1753లో ఉత్తరసర్కారులు ఫ్రెంచివారి చేతికి పోయినవి. 1758 డిసెంబరు 9న చందుర్తి యుద్ధముతో ఆంగ్లేయుల చేతికి జారినవి. ఇన్ని చేతులు మారిన కోట నేడు లేదు. కోటగుమ్మము అను పేరు మాత్రము మిగిలినది. అచట బస్సు దిగువారు ప్రతిదినము ఆ పేరు పలుకుచునే యున్నారు. ఇది నేను చెప్పిన రెండవ తరగతి పద్దు. గోడలు పోయినను పేరు సాక్ష్యమిచ్చుచున్నది. అందుచేతనే పేటల పేర్లను, పొలముల పేర్లను ఊరక మార్చరాదందును.

ఇంతవరకు రాజుల మాట. ఇక పౌరుల మాట. 1848లో ఈ పట్టణమున జన్మించిన కందుకూరి వీరేశలింగముగారి ఇంటిని తప్పక చూడవలెను. 1874లో వివేకవర్ధనిని స్థాపించి కలమునే కత్తిగా పట్టిన ఆ మహనీయుడు 1881 డిసెంబరు 11న ఈ పట్టణముననే తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఊరంతయు ఎదురు తిరిగినను వెనుదీయలేదు. ఆయన కట్టించిన పురమందిరము నేటికిని నిలిచియున్నది. రాజులు కట్టిన కోట పోయి, ఒక తెలుగు పండితుడు కట్టించిన సభామందిరము నిలుచుట గమనింపదగినది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి స్వదేశోద్యమమును గూర్చి ప్రసంగింపగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెలుగు చేసి వినిపించిరి. ఆ చోటు పాల్‌చౌకను పేర నిలిచినది.

గోదావరి గట్టునకు చేరువలోనే దామెర్ల రామారావుగారి చిత్రశాల గలదు. కూల్డ్రే యను ఆంగ్ల ఆచార్యుని ప్రోత్సాహమున చిత్రలేఖనమభ్యసించి, తెలుగువారి ముఖములను, నడకలను, అలంకారములను తెలుగు కంటితో చిత్రించిన ఆ యువకుడు 1925లో ఇరువదియెనిమిదేండ్లైన నిండకుండ గతించెను. ఆ చిత్రములయెదుట కొంతసేపు మౌనముగా నిలువుడు. గట్టుమీదనుండి చూచిన పాత హేవలాకు వంతెన 56 స్పానులతో 1900లో రైళ్లకు తెరువబడి, 1997లో విశ్రాంతి తీసికొన్నది. 1974 నాటి రైలు రోడ్డు వంతెనయు, దాని తరువాతి కమాను వంతెనయు ప్రక్కప్రక్కన నున్నవి. మూడు తరముల పనితనమును ఒక్క చూపులో చూడవచ్చును.

మనవంటి గ్రంథాలయ భక్తులు మ్రొక్కవలసిన క్షేత్రమొకటి కలదు. అది గౌతమీ గ్రంథాలయము. నాళము కృష్ణారావుగారు మొదలగు పెద్దల కృషితో, 1898లో నాటిన బీజమునుండి అది మహావృక్షమైనది. తాళపత్రములును, పాత పత్రికలును అచట భద్రపరుపబడియున్నవి. రాళ్లబండి సుబ్బారావుగారి పేరుగల ప్రదర్శనశాలలో శాసనములను, శిల్పములను, నాణెములను చూడవచ్చును. 1922లో రాజరాజు పట్టాభిషేకమునకు తొమ్మిదివందల యేండ్లు నిండినపుడు ఆ పట్టణమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టినది. పట్టాభిషేక సంచికయు వెలువడినది. వారిలో ఉపాధ్యాయులు, న్యాయవాదులు, గ్రామగ్రామమునకు పోయి రాళ్లను కడిగి చదివినవారు గలరు. కోరుమిల్లి శాసనము చదువబడకపోయినచో ఆ యుత్సవమే లేదు.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే. రాజమహేంద్రవరపు చరిత్ర రాజమహేంద్రవరములోనే లేదు. దానిలో సగము చుట్టుపట్ల పల్లెలలో నున్నది. మనము పట్టణమును చూడబోవు అతిథులము మాత్రమే కాము, దాని సాక్షులము గూడ. సాక్షి తన వాఙ్మూలమును భద్రముగా ఉంచుకొనవలెను గదా! మనము ఉంచుకొనుచున్నామా?

రెండువందల యేండ్ల క్రిందట మెకంజీ దొర తన పండితులను ఊరూరికి పంపి కైఫీయతులు వ్రాయించెను. ఆ పండితులకు ఆధారములైనవి గ్రామ కరణముల ఇండ్లలోని దండకవిలెలు. అవి లేనిచో ఎన్ని ఊళ్ల చరిత్రలు గాలికి పోయెడివో! 1984లో కరణపు పదవులు రద్దైన పిదప పాతకాగితములు అటకలమీద చెదలకు ఆహారమగుచున్నవి. దేవాలయముల రాళ్లపైనున్న అక్షరములు రంగుపూతల క్రింద మాయమగుచున్నవి. రాతిని మరియొకమారు కొనవచ్చును, అక్షరమును కొనలేము.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక విన్నపము. మన గ్రంథాలయములో గ్రామచరిత్ర పుస్తకమని ఒక పెద్ద పుస్తకము తెరువవలెను. అందు మూడు భాగములుండవలెను. మొదటి భాగమున రసీదులున్నవి: గుడిలోని శాసనము, బడి పెట్టిన సంవత్సరము, కాలువల తూముల సంవత్సరములు, పాత దస్తావేజుల నకళ్లు. రెండవ భాగమున వీధుల పేర్లు, పొలముల పేర్లు, పెద్దల జ్ఞాపకములు. మూడవ భాగమున కథలు. ఏ పద్దును ఎవరు చెప్పిరో, ఎన్నడు చెప్పిరో ప్రక్కన వ్రాయవలెను. 1986 ఆగస్టులో గోదావరి వరద ఏ గడపదాక వచ్చినదో చెప్పగలవారు నేడు ఈ సభలో నున్నారు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో కొబ్బరితోటలు ఎట్లు నేలకొరగినవో, ఎవరి యింట ఎవరు తలదాచుకొనిరో చెప్పగలవారున్నారు. మరి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపునపుడు వారిలో ఎందరుందురు? 1841 నాటి తరుగుపద్దులో పేర్లు లేని పూర్వికులను గూర్చి ఇందాక చెప్పితిని. మన తరమువారు అట్టి పేరులేని తరుగులో కలియరాదు.

విద్యార్థులకు ఒక మాట. రాజమహేంద్రవరమునకు పోవుటకు వారము దినములు ముందుగా ఇచటికి రండు. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమునో, వీరేశలింగముగారి స్వీయచరిత్రమునో గ్రంథపాలకుని అడిగి కొన్ని పుటలు చదువుడు. పోవునపుడు చిన్న పుస్తకమొకటి జేబులో పెట్టుకొని, చూచినదానిని మూడు తరగతులుగా వ్రాసికొనుడు. తిరిగివచ్చి మీ నాయనమ్మగారి యెదుట కూర్చుండి, ఆమె కాలమున పడవమీద ఎట్లు పోయెడివారో అడిగి, ఆ మాటలను గూడ దాని క్రిందనే వ్రాయుడు. అపుడు మీ ప్రయాణము పూర్తియగును.

పెద్దలు ఈ విన్నపమును కార్యవర్గ సమావేశమున చర్చించి, ఆ పుస్తకమును త్వరలోనే తెరిపింతురని నమ్ముచున్నాను. మొదటి పుట వ్రాయుపనిని, సరిహద్దులు వ్రాయుట అలవాటుగలవాడను గనుక, నాకే అప్పగింపుడని వేడుచున్నాను.